థార్ ఎడారి జాతరలు చూడాలంటే: తిథి పట్టుకుని బయల్దేరండి

మేం మొదటిసారి రాజస్థాన్‌లో అజ్మేర్ దగ్గర పుష్కర్ మేళాకి, అంటే అక్కడి ఒంటెల సంతకి వెళ్లింది సరిగ్గా కార్తీక పౌర్ణమి రోజున. జాతరకి ఆఖరి రోజే అసలు రోజని మనకో నమ్మకం కదా, అదే నమ్మకంతో వెళ్లాం. ఊళ్లో ఇసుక వేస్తే రాలనంత జనం. సరస్సు మెట్ల మీద స్నానాలు, దీపాలు. అవన్నీ చూసుకుని ఒంటెల మైదానం వైపు నడిస్తే అక్కడ ఒంటెలే లేవు. ఇసుకలో మేకులు పాతిన గుంటలు, ఆరిపోయిన పొయ్యిల బూడిద, అటూ ఇటూ నాలుగైదు గుర్రాలు మాత్రం మిగిలాయి. పక్క గుడ్డలు మూట కట్టుకుంటున్న ఒక పెద్దాయన మా వైపు చూసి, "మేళా లేచిపోయింది బాయీసా, అష్టమి నాటికి రావలసింది" అన్నాడు.

ఆ మాట పట్టుకునే తర్వాత ప్రయాణాలన్నీ వేసుకున్నాను. పశ్చిమ రాజస్థాన్‌లో జాతరలు అక్కడి జనం తమ పనుల కోసం పెట్టుకున్నవి. పశువు అమ్మాలి, కొనాలి, మొక్కు తీర్చాలి, పిల్లకి సంబంధం చూడాలి, తెలిసినవాళ్లని ఏడాదికోసారి పలకరించాలి. ఆ పనులు ఏ తిథికి మొదలై ఏ తిథికి ముగుస్తాయో తెలిస్తే మనం చూడవలసిందంతా దానంతటదే కనబడుతుంది. మొదటిసారి వెళ్లే తెలుగువాళ్ల కోసం ఆ వివరాలన్నీ వరసగా రాస్తున్నాను.

1. ముందు మన పంచాంగం తీయండి

పర్యాటక శాఖ క్యాలెండరు తర్వాత చూడొచ్చు. ఇంట్లో గోడకి వేలాడే తెలుగు పంచాంగమే మనకి ముందు కావాలి. ఒక్క తేడా గుర్తుంచుకోవాలి. మనకి నెల అమావాస్యతో ముగుస్తుంది, అక్కడ పౌర్ణమితో ముగుస్తుంది. శుక్లపక్షం తిథులకి ఏ చిక్కూ లేదు, ఇద్దరిదీ ఒకే నెల. కృష్ణపక్షం వచ్చేసరికి మాత్రం వాళ్ల నెల పేరు మనకంటే ఒకటి ముందుంటుంది.

హనుమాన్‌గఢ్ జిల్లా గోగామేడీలో పాముల దేవుడు గోగాజీ జాతర ఉంది. దాని ముఖ్యమైన రోజు వాళ్ల లెక్కలో భాద్రపద కృష్ణ నవమి. మన పంచాంగంలో అది శ్రావణ బహుళ నవమి, అంటే కృష్ణాష్టమి మర్నాడు. ఈ తేడా తెలియక భాద్రపదం బహుళంలో టికెట్లు తీసుకుంటే నెల రోజులు ఆలస్యంగా దిగుతారు.

మన పండగలతో ముడిపెట్టుకుంటే ఇంకా సులువుగా గుర్తుంటాయి:

- రామ్‌దేవ్‌రా: భాద్రపద శుద్ధ విదియ నుంచి. వినాయక చవితికి రెండు రోజుల ముందు మొదలవుతుంది.
- ఖేజడ్లీ అమరుల మేళా: భాద్రపద శుద్ధ దశమి. ఊళ్లో గణపతి మండపాలు ఇంకా ఉండగానే వస్తుంది.
- పుష్కర్, కోలాయత్: రెండూ కార్తీక పౌర్ణమికి.
- నాగౌర్ పశువుల సంత: మాఘ శుద్ధంలో, రథసప్తమి రోజుల్లో.
- జైసల్మేర్ మరు మహోత్సవం: మాఘ శుద్ధ త్రయోదశి నుంచి పౌర్ణమి దాకా. భీష్మ ఏకాదశి తర్వాత రెండో రోజు మొదలు. రెండేళ్లకోసారి మన మేడారం జాతర జరిగేది కూడా ఈ రోజుల్లోనే.
- ముకామ్‌లో బిష్ణోయీల (చెట్లనీ జంతువులనీ కాపాడటం మతంగా పాటించేవాళ్ల) మేళా: మన శివరాత్రి మర్నాడు వచ్చే అమావాస్య. ఆశ్వయుజంలో వాళ్ల లెక్క ప్రకారం ఇంకోటి ఉంది, అది మనకి మహాలయ అమావాస్య.
- తిల్వాడా మల్లినాథ్ పశువుల సంత: మన ఫాల్గుణ బహుళ ఏకాదశి నుంచి చైత్ర శుద్ధ ఏకాదశి దాకా. ఉగాది దాని నడుమ వస్తుంది.
- గణగౌర్: చైత్ర శుద్ధ తదియ. ఉగాది తర్వాత రెండో రోజు.

బికనీర్ ఒంటెల ఉత్సవం ఈ లెక్కలోకి రాదు. దాన్ని ప్రభుత్వమే జనవరిలో తేదీలు వేసి జరుపుతుంది, సంక్రాంతికి అటూ ఇటూగా. ఏటా ఆ ప్రకటన చూసుకోవాలి.

వీటిలో చాలావరకు వెన్నెల పక్షంలోనే ఉన్నాయని గమనించారా? దీపం లేని దారుల్లో పశువులని తోలుకుంటూ రాత్రిళ్లు నడిచే జనానికి వెన్నెలే వెలుతురు. వానాకాలం పంట సజ్జ ఇంటికి చేరాక, పశువుకి నాలుగు పరకలు మేపి కండ పట్టించాక కార్తీకం వస్తుంది. అమ్మకానికి అంతకంటే మంచి సమయం ఏముంటుంది?

2. ఏ జాతరకి వెళ్లాలి

పశువులు, పల్లె జనం, బేరసారాలు చూడాలనుంటే నాగౌర్, తిల్వాడా. పుష్కర్ కూడా చూడొచ్చు, కానీ మొదటి వారంలోనే. నాగౌర్ ఎద్దులు పొడుగ్గా, తెల్లగా, చురుగ్గా నడిచే జాతి. ఒంగోలు గిత్తలని చూసి పెరిగినవాళ్లు ఈ ఎద్దుల ముందు గంటలు నిలబడిపోతారు, ఖాయం. తిల్వాడా సంత బాలోత్రా దగ్గర ఎండిన లూనీ నది ఇసుకలో జరుగుతుంది. గుర్రాలు ఇష్టమైతే మాలాణీ గుర్రాలు అక్కడే చూడాలి, వాటి చెవుల కొనలు లోపలికి వంగి ఒకదాన్నొకటి తాకుతుంటాయి. మార్చి, ఏప్రిల్ ఎండ మాత్రం కాచుకోవాలి.

భక్తి చూడాలనుంటే రామ్‌దేవ్‌రా. దాని గురించి కింద విడిగా రాశాను.

పిల్లలూ పెద్దవాళ్లూ కలిసి హాయిగా చూడాలనుంటే జైసల్మేర్, బికనీర్. రెండూ పర్యాటకుల కోసం ప్రభుత్వం ఏర్పాటు చేసేవే, అంతమాత్రాన తీసిపారేయకండి. జైసల్మేర్‌లో తలపాగా చుట్టే పోటీ, మీసాల పోటీ, 'మరుశ్రీ' (ఎడారి అందగాడు) ఎంపిక, సరిహద్దు భద్రతా దళం వాళ్ల ఒంటెల విన్యాసాలు ఉంటాయి. చివరి సాయంత్రం ఊరికి సుమారు 40 కిలోమీటర్ల దూరంలో సమ్ ఇసుక తిన్నెల మీద పాట కచేరీ. బికనీర్‌లో ఒంటె ఒంటి మీద వెంట్రుకలు కత్తిరించి పువ్వులు, నెమళ్లు తీర్చే పనితనం చూడాలి. మగ్గం మీద నేసినంత సన్నంగా ఉంటుంది ఆ పని. జసనాథీ సిద్ధుల అగ్నినృత్యం కూడా బికనీర్‌దే. నగారా మోగుతుంటే కణకణలాడే నిప్పుల మీద నడుస్తారు, చిందేస్తారు. మన వీరభద్రుడి జాతరలో, పీర్ల పండగలో గుండం తొక్కడం చూసినవాళ్లకి ఒళ్లు గగుర్పొడుస్తుంది.

ఆడవాళ్ల పండగ చూడాలనుంటే గణగౌర్. హోలీ మర్నాటి నుంచి మొదలుపెట్టి, పెళ్లికాని పిల్లలూ కొత్త పెళ్లికూతుళ్లూ రోజూ గౌరిని కొలుస్తారు. మనం పసుపుతో గౌరమ్మని చేస్తాం, అక్కడ మట్టితోనూ కొయ్యతోనూ ఈసర్, గౌర్ బొమ్మలు చేస్తారు. జోధ్‌పూర్‌లో సాయంత్రాలు ఆడపిల్లలు చిల్లులు పొడిచిన కుండలో దీపం పెట్టి, దాన్ని తలకెత్తుకుని పాడుకుంటూ ఇల్లిల్లూ తిరుగుతారు. ఆ కుండని ఘుడ్లా అంటారు. చీకటి సందులో చుక్కల వెలుగు గోడల మీద కదులుతూ వస్తుంటే బతుకమ్మ గుర్తుకు రాకుండా ఉండదు.

3. ప్రయాణం, బస

మన వైపు నుంచి జైపూర్ చేరడం సులువు. అక్కడి నుంచి అజ్మేర్ సుమారు 135 కిలోమీటర్లు, రైళ్లు చాలా ఉన్నాయి. అజ్మేర్ నుంచి నాగ్ పహాడ్ కొండ దాటితే పుష్కర్. జైసల్మేర్, రామ్‌దేవ్‌రా వెళ్లాలంటే జోధ్‌పూర్ మీదుగా వెళ్లాలి. జోధ్‌పూర్ నుంచి జైసల్మేర్ వెళ్లే రైలు దారిలోనే రామ్‌దేవ్‌రా స్టేషను ఉంది. ఎడారిలో దూరాలని తక్కువ అంచనా వేయకండి. బికనీర్ నుంచి జైసల్మేర్ 330 కిలోమీటర్లు, దారిలో తినడానికి మంచి చోట్లు తక్కువ.

రైలు టికెట్లు ప్రయాణానికి 60 రోజుల ముందు తెరుచుకుంటాయి. జాతర రోజులకైతే ఆ ఉదయమే తీసుకోవాలి. బస ఇంకా ముందే. గుడారాల బస అందంగా ఉంటుంది, ధర కూడా అలాగే ఉంటుంది. మేం ఒకసారి ఫొటోలు చూసి ఒక గుడారం మాట్లాడుకున్నాం. ఫొటోలో వెనకే ఇసుక తిన్నె. తీరా వెళ్తే అది హైవే పక్క పొలం, జాతర 6 కిలోమీటర్ల దూరం. అందుకని డబ్బు కట్టే ముందు రెండు సంగతులు అడగండి: మైదానానికి ఎంత దూరం, రాత్రి పది తర్వాత అక్కడి నుంచి తిరిగి రావడానికి బండి దొరుకుతుందా. జవాబు సూటిగా రాకపోతే వదిలేయండి. నా మటుకు నేను ఊళ్లో చిన్న గది, లేదా ధర్మశాల చాలంటాను. జాతర రోజుల్లో గదిలో ఉండేది నిద్రపోయే ఐదు గంటలే.

విదేశీ పాస్‌పోర్టు ఉన్న మనవాళ్లకి ఒక మాట. జైసల్మేర్, బాడ్‌మేర్ జిల్లాల్లో సరిహద్దు వైపు ఊళ్లకి వెళ్లాలంటే ముందస్తు అనుమతి కావాలి. చుట్టాలతో కలిసి కారెక్కేశాక దారిలో ఆపితే అందరూ వెనక్కి రావాలి.

4. మూటలో ఏముండాలి

ఎడారి అంటే వేడి అనుకుని నూలు బట్టలతో దిగేవాళ్లని ప్రతి ఏడూ చూస్తుంటాను. జనవరిలో బికనీర్, జైసల్మేర్ రాత్రిళ్లు 5 డిగ్రీల దాకా దిగుతాయి, ఒక్కోసారి ఇంకా కిందికి. ఆ తిన్నె మీద మధ్యాహ్నం స్వెట్టరు విప్పి చంకలో పెట్టుకుంటాం, ఎనిమిదింటికల్లా శాలువా, టోపీ, మేజోళ్లు అన్నీ కావాలి. కార్తీకంలో పుష్కర్ కాస్త నయం, తెల్లవారుజామున మాత్రం చలి కొరుకుతుంది. భాద్రపదంలో రామ్‌దేవ్‌రా ఉక్క, ఎండ.

మెడకి చుట్టుకునే పెద్ద నూలు తువ్వాలు ఒకటి తప్పనిసరి. దుమ్ము లేస్తే ముక్కుకి, ఎండెక్కితే తలకి, గుడికి వెళ్తే నెత్తి మీదికి. వేలి ముందు భాగం మూసుకుండే బూట్లు, ఓఆర్ఎస్ పొట్లాలు, ఆస్తమా ఉన్నవాళ్లకి వాళ్ల మందులు. పశువుల మైదానంలో లేచే ధూళిలో ఎండిన పేడ కూడా కలిసి ఉంటుంది. చిల్లర నోట్లు దండిగా పెట్టుకోండి. జనం కిక్కిరిసిన రోజు ఫోన్ సిగ్నల్ చచ్చిపోతుంది, ఫోన్‌తో చెల్లింపులు ఆగిపోతాయి. కుటుంబంతో వెళ్తే తప్పిపోయినప్పుడు ఎక్కడ కలవాలో పొద్దున్నే ఒక చోటు చెప్పుకోండి.

5. పుష్కర్ మైదానంలో ఒక పూట

ఇక్కడ కాస్త తీరిగ్గా చెబుతాను. ఈ ఒక్క పూట సరిగ్గా గడిపితే ప్రయాణం ఖర్చు వచ్చేసినట్టే.

2026లో కార్తీక పౌర్ణమి నవంబరు 24న. ఏకాదశి నుంచి పౌర్ణమి దాకా ఐదు రోజులు స్నానాలవి. అప్పుడు ముక్కోటి దేవతలూ సరస్సులో ఉంటారని నమ్మకం. పశువుల వ్యవహారం అంతకు ముందే నడుస్తుంది. కాబట్టి షష్ఠికో సప్తమికో చేరి, ద్వాదశి నాటికి బయటపడేలా వేసుకోండి.

చీకటితోనే లేవండి. ఊరికి పడమటి వైపు ఇసుక మైదానానికి వెలుగురేఖలు పడే వేళకి చేరాలి. ముందు వినిపించేది ఒంటెల గుర్రు, గొంతులో నీళ్లు పుక్కిలించినట్టు. తర్వాత పేడ పిడకల పొగ వాసన. రాయికాలు, అంటే ఒంటెల్ని తరతరాలుగా కాచే కులం వాళ్లు, ఎర్ర తలపాగాలతో పొయ్యిల చుట్టూ గొంతుక్కూర్చుని ఉంటారు. తెల్లటి పంచె, చెవులకి బంగారు పోగులు. సత్తు గిన్నెలో టీ కాగుతుంటుంది, కొన్ని చోట్ల ఒంటె పాలతోనే.

ఏ గుంపు దగ్గరికైనా వెళ్తే ముందు "రామ్ రామ్ సా" అనండి. మన 'గారు' ఎలాంటిదో వాళ్ల 'సా' అలాంటిది. "ఖమ్మా ఘణీ" కూడా అనొచ్చు, అది మరింత మర్యాద. పలకరించి ఒక్క నిమిషం ఊరికే నిలబడితే చాలు, చాలాసార్లు వాళ్లే కూర్చోమంటారు. టీ ఇస్తే తాగండి. కెమెరా అప్పటిదాకా సంచిలోనే ఉండనివ్వండి.

బేరం ఎలా సాగుతుందో దగ్గర నుంచి చూడండి. కొనేవాడు ఒంటె పెదవి ఎత్తి పళ్లు చూసి వయసు లెక్క కడతాడు. మూపురం మీద అరచేత్తో తడతాడు, గట్టిగా నిలబడిందా, పక్కకి వాలిందా అని. కూర్చోబెట్టి లేపిస్తాడు, లేచేటప్పుడు ఏ కాలు తడబడుతుందో కనిపెడతాడు. నాలుగడుగులు నడిపించి పాదం ఇసుకలో పడిన గుర్తు చూస్తాడు. మా తాతయ్య ఎద్దుల సంతలో సుడులు చూసి, తోక ఎత్తి చూసి, "ఊహూ" అని తల అడ్డంగా ఊపేవాడు. అచ్చంగా ఆ ఊపే నేను పుష్కర్‌లో ఒక ముసలాయన తలలో చూశాను. మాట అర్థం కాకపోయినా బేరం ఎటు పోతుందో తెలిసిపోయింది.

ఇప్పుడు మైదానంలో ఒంటెల కంటే గుర్రాల హడావుడే ఎక్కువ. 2012 పశుగణనలో దేశం మొత్తం మీద సుమారు 4 లక్షల ఒంటెలుంటే 2019 నాటికి అవి రెండున్నర లక్షలకి తగ్గాయి. ట్రాక్టరు వచ్చింది, మేత బీళ్లు తగ్గాయి. రాజస్థాన్ ప్రభుత్వం 2014లో ఒంటెని రాష్ట్ర జంతువుగా ప్రకటించి, 2015లో వధనీ, రాష్ట్రం దాటించడాన్నీ ఆపుతూ చట్టం చేసింది. కాపాడాలనే చేశారు, కానీ బయటి నుంచి కొనేవాళ్లు రావడం తగ్గి ధర పడిపోయిందని కాపరులు బాధపడతారు. ఒంటె పాలు అమ్మి నిలదొక్కుకోవాలని కొందరి ప్రయత్నం. కనబడిన చోట ఒక గ్లాసు కొని తాగండి, కాస్త ఉప్పగా, పలచగా ఉంటాయి. బికనీర్ దగ్గర జోడ్‌బీడ్‌లో 1984 నుంచి జాతీయ ఒంటె పరిశోధన కేంద్రం ఉంది. అక్కడ ఒంటె పాల కుల్ఫీ, టీ అమ్ముతారు. పిల్లలకి బాగా నచ్చుతుంది.

పది దాటాక ఎండెక్కుతుంది, మైదానం సద్దుమణుగుతుంది. ఊళ్లోకి వచ్చి బ్రహ్మ గుడి చూసుకోండి. సాయంత్రం స్టేడియంలో ఆటలు: మీసాల పోటీ, తలపాగా చుట్టడం, నీళ్ల కుండలు తలకెత్తుకుని ఆడవాళ్ల పరుగు పందెం. ఈ ఆటలు ఒక్క సాయంత్రం చాలు. ఇంకో సాయంత్రం సావిత్రీ దేవి గుడి కొండెక్కండి, తాడు బండి కూడా ఉంది. పైనుంచి సరస్సు, ఊరు, మైదానం, దాని మీద తేలే పొగ అన్నీ ఒకే చూపులో కనిపిస్తాయి.

సరస్సు దగ్గర రెండు జాగ్రత్తలు. 52 ఘాట్లున్నాయి, ఎక్కడైనా చెప్పులు దూరంగా విడవాలి, స్నానాల ఫొటోలు తీయకూడదు. రెండోది, చేతిలో పువ్వు పెట్టి, మణికట్టుకి దారం కట్టి, సంకల్పం మధ్యలో పెద్ద మొత్తం ఒప్పించే పద్ధతి ఉంది. పూజ చేయించుకోవాలనుంటే దక్షిణ ఎంతో ముందే మాట్లాడుకుని కూర్చోండి. అక్కర్లేకపోతే పువ్వు అందుకోకుండా చేతులు జోడించి ముందుకు సాగండి.

6. రామ్‌దేవ్‌రా: చూడటానికి కాదు, నడవడానికి

పోఖ్రాన్‌కి సుమారు 12 కిలోమీటర్ల దూరంలో ఉంది ఈ ఊరు. రామ్‌దేవ్ బాబా రాజపుత్రుడు. అంటరానివాళ్లన్న జనంతో కలిసి కూర్చుని భజన చేసినవాడు. హిందువులకి దేవుడు, ముస్లింలకి రామ్‌సా పీర్. సజీవ సమాధి అయిన చోట ఇప్పుడున్న గుడిని బికనీర్ మహారాజు గంగాసింగ్ 1931లో కట్టించాడు. పక్కనే డాలీబాయి సమాధి, ఆమె మేఘ్‌వాల్ కులంలో పెరిగిన భక్తురాలు.

భాద్రపదంలో అన్ని దారులూ ఇటే నడుస్తాయి. గుజరాత్ నుంచి, మధ్యప్రదేశ్ నుంచి, రాజస్థాన్ నలుమూలల నుంచి జనం జెండా పట్టుకుని కాలినడకన వస్తారు. భుజాన గుడ్డతో కుట్టిన గుర్రం బొమ్మ, బాబాకి మొక్కు. అరచేతిలో పట్టేవి ఉంటాయి, ఇద్దరు మోయవలసినవీ ఉంటాయి. దారి పొడవునా ఊళ్లవాళ్లు పందిళ్లు వేసి అన్నం పెడతారు, కాళ్లకి నూనె రాస్తారు, డబ్బు తీసుకోరు.

నా సలహా, కారులో నేరుగా గుడి దగ్గర దిగకండి. పోఖ్రాన్‌లో తెల్లవారుజామున దిగి ఆ 12 కిలోమీటర్లూ వాళ్లతో కలిసి నడవండి. ఎవరైనా "జై బాబా రీ" అంటే మీరూ అదే అనండి. నేను నడిచిన రోజు నా పక్కన నడిచిన ఒకావిడ సగం దారిలో నా నీళ్ల సీసా అందుకుని, తాగి, తిరిగిచ్చి, తన కొంగు మూటలోంచి బెల్లం ముక్క తీసి పెట్టింది. ఆవిడ మాట నాకు రాదు, నా మాట ఆవిడకి రాదు. గుడి గోపురం కనబడేసరికి ఇద్దరం చేతులు పట్టుకునే ఉన్నాం.

దర్శనం వరస చాలా పొడుగు. విదియ నాడు వద్దు. పంచమి, షష్ఠి రోజుల్లో రాత్రి పొద్దుపోయాక కాస్త తేలిగ్గా ఉంటుంది. గుడి బయట కామడ్ కులం స్త్రీల తేరహ్ తాలీ ఆట దొరికితే కూర్చుని చూడండి. కాళ్లకీ చేతులకీ పదమూడు తాళాలు కట్టుకుని, నేల మీద కూర్చునే, చేతిలో తాళంతో ఒక్కొక్కదాన్నీ తాకిస్తూ మోగిస్తారు. నోట్లో కత్తి, నెత్తిన కలశం. దరువు తప్పదు, కలశం కదలదు.

ఆ దశమికి జోధ్‌పూర్ చేరగలిగితే అక్కడికి సుమారు 26 కిలోమీటర్లలో ఖేజడ్లీ. 1730లో జోధ్‌పూర్ రాజు మనుషులు కొత్త మహలు కట్టే పనికి కట్టెల కోసం చెట్లు నరకడానికి వస్తే, అమృతా దేవి అనే బిష్ణోయీ స్త్రీ చెట్టుని కావలించుకుని తల ఇచ్చింది. ఆమెతో కలిపి మొత్తం 363 మంది అలాగే ప్రాణాలిచ్చారు. వాళ్ల పేరునే ఆ మేళా. ఖేజడీ అంటే ఏదో తెలియని ఎడారి చెట్టు కాదు, మన జమ్మి. దసరాకి మనం ఆకు కోసి పెద్దల చేతిలో పెట్టే చెట్టు, తెలంగాణ రాష్ట్ర వృక్షం.

7. పాట ఎక్కడ వినాలి

వేదిక మీది కచేరీలు బాగుంటాయి, మైకు హోరు ఎక్కువ. మాంగణియార్లు, లంగాలు అనే రెండు కులాలవాళ్లు ముస్లిం గాయకులు. తరతరాలుగా తమ పోషకుల ఇళ్లలో, మాంగణియార్లైతే చాలావరకు హిందువుల ఇళ్లలో, పెళ్లికీ పురుడుకీ పాడేవాళ్లు. కృష్ణుడి మీద పాడతారు, అమ్మవారి మీద పాడతారు. కమాయచా అని ఒక వాద్యం ఉంది. మామిడి కొయ్య బొజ్జకి మేక తోలు బిగించి ఉంటుంది, కమాను లాగితే ముసలి గొంతు జీరలా పలుకుతుంది. జైసల్మేర్‌లో బస చేసిన ఇంటివాళ్లని అడిగితే ఒక గాయకుడి కుటుంబంతో సాయంత్రం కూర్చోబెట్టేవాళ్లు దొరుకుతారు. ఎంత ఇవ్వాలో ముందే అడిగి నేరుగా గాయకుడి చేతికే ఇవ్వండి. సినిమా పాట అడగకండి. "మీ నాన్నగారు పాడిన పాట ఏదైనా పాడండి" అనండి, ఆ తర్వాత మీకే తెలుస్తుంది.

పాములాడించే కాల్బేలియా కులంవాళ్ల పాటనీ ఆటనీ యునెస్కో 2010లో మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది. శరదృతువులో వెళ్లగలిగితే శరత్ పూర్ణిమ రోజుల్లో జోధ్‌పూర్ మెహ్రాన్‌గఢ్ కోటలో 2007 నుంచి జానపద సంగీత ఉత్సవం నడుస్తోంది. టికెట్టు ఖరీదే, కానీ తెల్లవారుజామున కోట గోడ మీద కూర్చుని విన్న పాట నన్ను ఇప్పటికీ వదల్లేదు.

8. తిండి, ఒంటె సవారీ, కొనుగోళ్లు

పుష్కర్‌లో మాంసం, గుడ్డు, మద్యం ఉండవు. మాల్‌పువా, గులాబీ రేకుల గుల్కంద్ తినండి. జోధ్‌పూర్ మిర్చీ వడా మన మిర్చి బజ్జీకి అక్క, కడుపులో బంగాళాదుంప కూర. ఎక్కడైనా సజ్జ రొట్టె, కేర్ సాంగ్రీ కూర దొరికితే వదలకండి. ఆ సాంగ్రీ జమ్మి కాయే. మన ఊళ్లో పశువులు తినే కాయతో అక్కడ పెళ్లి భోజనం పెడతారు. అన్నం లేనిదే ఉండలేని పెద్దవాళ్లుంటే పచ్చడి సీసా, పొడి డబ్బా మోసుకెళ్లండి. అన్నం ఎక్కడైనా వండిస్తారు, కారం మాత్రం మనదే కావాలి. పుట్టల్లా పోసిన కోసిన పండ్లు, బయటి ఐసు వద్దు. మజ్జిగ తాగండి, దాన్ని ఛాఛ్ అంటారు.

ఒంటె లేచేటప్పుడు ముందు వెనక కాళ్లు లేపుతుంది, మనం ముందుకి తూలుతాం. కూర్చునేటప్పుడు ముందు కాళ్లు మడుస్తుంది, మళ్లీ ముందుకే. రెండుసార్లూ వెనక్కి వాలి జీను గట్టిగా పట్టుకోండి. ఎక్కే ముందు దాని ముక్కు చూడండి. ముకుతాడు దగ్గర పుండు ఉంటే, వీపు ఒరుసుకుపోయి ఉంటే ఆ ఒంటె ఎక్కకండి, ఎందుకు ఎక్కడం లేదో కూడా చెప్పండి.

కొనాలనుంటే పోఖ్రాన్ మట్టి పాత్రలు, బాడ్‌మేర్ అజ్రఖ్ అచ్చుల బట్ట, తోలు మోజడీలు (అక్కడి చెప్పులు). మోజడీలు మొదటి వారం కరుస్తాయి, లోపల ఆవనూనె రాసి వేసుకోండి. గవ్వలూ పూసలూ గుచ్చిన గోర్‌బంద్ అనే ఒంటె మెడ హారం మా ఇంట్లో గుమ్మానికి వేలాడుతోంది. పశువుల సామాను అమ్మే వరసలో కొంటే చవక, అదే పర్యాటకుల దుకాణంలో ఎన్నో రెట్లు. నాగౌర్ వెళ్తే ఎండు మెంతికూర తెచ్చుకోండి. చెయ్యి పెట్టగానే సంచంతా ఆ వాసనే.

ఫొటోల సంగతి. అలంకరించుకుని డబ్బు కోసం నిలబడేవాళ్లుంటారు, అది వాళ్ల జీవనం, ముందే ఒప్పుకుని ఇవ్వండి. మిగతావాళ్లని అడగండి. ముసుగు కిందికి లాక్కున్నారంటే వద్దన్నట్టు.

9. నేనైతే ఇలా వెళ్తాను

మొదటిసారికి కార్తీకమే మంచిది. సప్తమికి పుష్కర్. ఐదు రాత్రులు. ఏకాదశి ఉదయం సరస్సులో స్నానం చేసి ద్వాదశికి నాగౌర్ మీదుగా బికనీర్ దారి పట్టండి. బికనీర్ ఇంకో 30 కిలోమీటర్లు ఉందనగా దేశ్‌నోక్ వస్తుంది, కర్ణీ మాత గుడి, ఎలుకలని పిల్లల్లా సాకే చోటు. మేజోళ్లతో లోపలికి వెళ్లండి, పాదాలు ఎత్తకుండా జరుపుతూ నడవండి. త్రయోదశి, చతుర్దశి బికనీర్‌లో కోట, ఒంటెల కేంద్రం.

పౌర్ణమి మధ్యాహ్నం బికనీర్ నుంచి 50 కిలోమీటర్ల కోలాయత్ వెళ్లండి. కపిల మహర్షి తపస్సు చేశాడని చెప్పే సరస్సు. పుష్కర్ అంత పేరు లేదు, వచ్చేవాళ్లంతా చుట్టుపక్కల పల్లెలవాళ్లే. మనం ఇంటి దగ్గర 365 వత్తులు వెలిగించే వేళకి వాళ్లు దీపాలు నీళ్లలో వదులుతారు. మెట్ల దగ్గర కూర్చున్న ఆడవాళ్ల దగ్గర దీపం కొనుక్కోండి. ఆఖరి మెట్టు పాచి పట్టి జారుతుంది, చీర కుచ్చెళ్లు ఎత్తి దోపుకుని, పై మెట్టు మీదే కూర్చుని చెయ్యి చాచి వదలండి. తిరుగు బండి రాత్రి తొమ్మిదికి మాట్లాడి ఉంచుకోండి. దీపాలు సరస్సు మధ్యకి చేరడానికి గంట పైనే పడుతుంది.